నూటికి ఎందరు? సర్వేల శాతాలను చదివే పద్ధతి

(భిలాయిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగ సంఘాల శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణా తరగతులలో సాధారణంగా చట్టాలను గురించీ, ఉద్యమ చరిత్రను గురించీ ప్రసంగాలు జరుగుతుంటాయి. ఈ ఉదయం నాకు అప్పగించిన విషయం వేరు. ఒక సర్వేలో "నూటికి 54 మంది ఔనన్నారు" అని తేలినప్పుడు, ఆ 54 అనే అంకెను ఎంతవరకు నమ్మవచ్చును, దానిమీద ఎంత బరువు మోపవచ్చును అన్నది నేను చెప్పవలసి ఉన్నది. ఇది గణిత పండితుల విషయమని మీలో కొందరికి తోచవచ్చును. కాని మన కరువుభత్యం, మన కోర్కెల పత్రాలు, చర్చల బల్ల దగ్గర మన మాటకుండే విలువ, ఇవన్నీ ఇటువంటి అంకెలమీద ఆధారపడి ఉన్నవి. కావున ఇది మన విషయమే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకొని మొదలుపెడతాను.

ఒక పాత అనుభవం

పాతికేళ్ళ క్రిందట నేను ఒక పెద్ద జంక్షనులో శాఖా కార్యదర్శిగా ఉండేవాడిని. డ్యూటీ వేళలను మార్చాలా, వద్దా అన్న వివాదం అక్కడ నడుస్తున్నది. మేము ఫారాలు అచ్చువేయించి పంచాము. వచ్చిన సమాధానాలను లెక్కపెట్టగా మార్పును కోరినవారు సగం కంటె కొద్దిగా ఎక్కువగా కనిపించారు. "ఉద్యోగులలో అత్యధికులు మార్పును కోరుతున్నారు" అని మహజరులో వ్రాసి, చర్చలకు వెళ్ళాము.

ఎదుట కూర్చున్న అధికారి కోపగించలేదు, కేకలు వేయలేదు. రెండే ప్రశ్నలు వేశాడు. "ఎందరిని అడిగారు? వారిని ఎట్లా ఎంచుకున్నారు?" మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాము. రెండవదానికి చెప్పలేకపోయాము. ఫారాలు పగటిపూట ఆఫీసు దగ్గర పంచిపెట్టాము. ఎవరు ఎదురుపడితే వారికి ఇచ్చాము. ఆనాడు ఆ కోర్కె నెగ్గలేదు.

నెగ్గకపోవడం కంటె నన్ను ఎక్కువగా బాధించినది మరునాటి మాట. రాత్రి డ్యూటీ దిగి వస్తున్న ఒక వృద్ధ పాయింట్స్‌మన్ నన్ను ఆపి, "మా పేరు మీద మాట్లాడి వచ్చావట బాబూ, మమ్మల్ని మాత్రం అడగలేదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈనాటి ప్రసంగమంతా ఆ రెండు ప్రశ్నలకూ, ఈ ఒక్క మాటకూ ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

కొంతను చూసి అంతటినీ తెలుసుకొనుట

మనం కూర్చున్న ఊరిని చూడండి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మీద ఇక్కడి ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మన తెలుగు జిల్లాలనుండి, ముఖ్యంగా ఉత్తరాంధ్రనుండి, ఎన్నో కుటుంబాలు ఈ ఊరికి తరలివచ్చి స్థిరపడినవి. రైల్వే సోదరులకు ఈ ఊరు మరొక విధంగా దగ్గర. మీరు నడిపే బండ్ల క్రింది పట్టాలు ఇక్కడ పోతపోసి, సాగదీసినవే.

ఆ పట్టాలను పరీక్షించే తీరు ఈనాటి పాఠానికి మంచి ఉపోద్ఘాతం. ఉక్కు ఎంత లాగుడుకు తట్టుకొనగలదో తెలియాలంటే ఒక ముక్కను తీసుకొని, అది తెగేవరకు లాగి చూస్తారు. ప్రతి పట్టానూ తెగేవరకు లాగితే రైలు నడపడానికి పట్టాయే మిగలదు. కనుక ఆ పరీక్ష నమూనాకే జరుగుతుంది. లోపల పగులు ఉన్నదో లేదో చూసే అల్ట్రాసోనిక్ పరీక్షతో పట్టా చెడదు. అందుచేత దానిని ప్రతి పట్టాకూ చేస్తారు. మొదటిది నమూనా పరీక్ష. రెండవది పూర్తి లెక్క. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. ప్రసంగం చివర దీనితో మళ్ళీ పని పడుతుంది.

మన ఇళ్ళలో ఆడవారికి ఈ శాస్త్రం ఏనాటినుండో తెలుసు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. గిన్నె చిన్నదైనా, పెళ్ళివారి గుండిగ అయినా పట్టి చూసే మెతుకులు అవే. సర్వేలోనూ అంతే. రైల్వేలో పనిచేసే సుమారు 12 లక్షల మంది అభిప్రాయం తెలుసుకొనడానికైనా, 20 వేల మంది ఉన్న ఒక డివిజను అభిప్రాయం తెలుసుకొనడానికైనా, ఫలితంలోని ఖచ్చితత్వాన్ని నిర్ణయించేది ఎందరిని అడిగామన్న సంఖ్యయే. మొత్తం ఎందరున్నారన్నది దాదాపు లెక్కలోకి రాదు. మొత్తమే చిన్నదైనప్పుడు మాత్రం లాభం కలుగుతుంది. 600 మంది ఉన్న శాఖలో 400 మందిని అడిగితే, మిగిలినవారు కొద్దిమందే కనుక సందేహం బాగా తగ్గుతుంది.

అయితే మెతుకు సామెతకు ఒక షరతు ఉన్నది. గిన్నెను కలియబెట్టి ఉండాలి. అడుగున మాడి, పైన పలుకుగా ఉన్న అన్నంలో పైమెతుకు పట్టి చూస్తే తెలిసేది పైమెతుకు సంగతే. సర్వేలో ఈ కలియబెట్టడాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకొనుట అంటారు. మస్టరులో ఉన్న ప్రతి పేరుకూ ఎన్నికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. ఎవరు ఎదురుపడ్డారు, ఎవరు మన సంఘీయులు, ఎవరు మాట్లాడడానికి ఇష్టపడ్డారు అన్నదానితో ఆ ఎంపికకు సంబంధం ఉండకూడదు.

54 వెనుక ఉన్న పరిధి

ఇప్పుడు లెక్కకు వస్తాను. మా జంక్షనులో నాటి అంకెలను చెప్పడం లేదు. లెక్కకు అనువైన అంకెలతో అటువంటి పరిస్థితినే మీ ముందు ఉంచుతాను. వేలమంది ఉన్న ఒక డివిజనులో 400 మందిని చీట్లు తీసి ఎంచుకున్నామనీ, వారిలో 216 మంది మార్పు కావాలన్నారనీ అనుకుందాం. అంటే నూటికి 54.

మరొక 400 చీట్లు తీసి ఉంటే 54 వచ్చేదా? రాకపోవచ్చును. 51 రావచ్చును, 57 రావచ్చును. డివిజనులోని అసలు శాతం ఒక్కటే, అది మారదు. కాని చీట్ల అదృష్టాన్ని బట్టి మనకు కనిపించే శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ఎంతటిదో ముందుగానే లెక్క కట్టవచ్చును. శాస్త్రం మనకు చేసిన మహోపకారం అదే.

లెక్క ఇది. ఔనన్నవారి శాతాన్ని, మిగిలినవారి శాతంతో హెచ్చించండి: 54ను 46తో హెచ్చిస్తే 2484. దానిని అడిగినవారి సంఖ్య 400తో భాగించండి: 6.21. దాని వర్గమూలం సుమారు 2.49. దీనిని ప్రామాణిక దోషం అంటారు. దోషమన్నా ఇది ఎవరి తప్పూ కాదు, నమూనాకు సహజమైన ఊపుకు కొలత మాత్రమే. దీనిని 1.96తో, స్థూలంగా రెండుతో, హెచ్చిస్తే 4.9 వస్తుంది. 54నుండి దానిని తీసివేస్తే 49.1, 54కు కలిపితే 58.9. ఈ 49.1 నుండి 58.9 వరకు గల పరిధినే 95 శాతం విశ్వాస్యతా అంతరం అంటారు. 1930లలో పోలిష్ గణితవేత్త జెర్జీ నేమన్ దీనికి శాస్త్రీయమైన రూపమిచ్చాడు.

వర్గమూలాల లెక్క నోటితో చేయలేమనేవారికి ఒక దగ్గరి దారి చెబుతాను. అడిగినవారి సంఖ్యకు వర్గమూలం తీసి, 100ను దానితో భాగించండి. 100 మందిని అడిగితే అటు 10, ఇటు 10. 400 మందినైతే 5. 1600 మందినైతే రెండున్నర. అంటే సందేహాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగింతల మందిని అడగాలి. శాతం యాభైకి దరిదాపులలో ఉన్నప్పుడు ఈ దారి సరిపోతుంది. పదికో, తొంభైకో చేరినప్పుడు అసలు పరిధి ఇంతకంటె ఇరుకుగా ఉంటుంది.

మన ఉదాహరణలో పరిధి యాభైకి క్రిందనుండి మొదలైనదని గమనించారా? అసలు శాతం 49.5 అయి ఉండడానికి కూడా ఈ సర్వే అడ్డు చెప్పడం లేదు. కావున "అత్యధికులు కోరుతున్నారు" అని వ్రాసే హక్కు మనకు లేదు. "సుమారు సగంమంది, బహుశా అంతకంటె ఎక్కువమంది కోరుతున్నారు" అని వ్రాయవచ్చును. అయితే ఇది రెండువైపులా పదునున్న కత్తి. "మీకు మెజారిటీ లేదని మీ సర్వేయే ఋజువు చేసింది" అని యాజమాన్యం అంటే, అదీ తప్పే. పరిధి 59 దాకా పోతున్నది. పైగా పరిధిలోని అంకెలన్నింటికీ ఒకే ఆధారం ఉండదు. అంచులకంటె నడిమి అంకెలకే సర్వే ఎక్కువ బలమిస్తుంది. ఋజువు కాలేదన్నంతలో అబద్ధమని తేలినట్లు కాదు.

95 అంటే ఏమిటి?

ఇక్కడ చదువుకున్నవారు కూడా పొరబడతారు. "అసలు శాతం 49.1కీ 58.9కీ నడుమ ఉండడానికి నూటికి 95 పాళ్ళు అవకాశమున్నది" అంటారు. నేమన్ చెప్పినది అది కాదు.

చెరువులో ఒకచోట కదలని చేప ఉన్నదనుకోండి. అది మనకు కనిపించదు. మనం వల విసురుతాము. చేప కదలదు, విసిరినప్పుడల్లా వేరువేరు చోట్ల పడేది వల. మన వల ఎటువంటిదంటే, నూరుసార్లు విసిరితే దాదాపు 95 సార్లు చేప దాని క్రిందికి వస్తుంది. ఒకసారి విసిరిన తరువాత మాత్రం చేప ఆ వలలో ఉన్నట్లో, లేనట్లో, మధ్యస్థితి లేదు. 95 అన్నది వల పనితనానికి ఇచ్చిన హామీ, చేతిలో ఉన్న ఈ ఒక్క విసురుకు ఇచ్చిన హామీ కాదు. ప్రతి ఇరవై నిజాయితీగల సర్వేలలో ఒకటి, ఎవరి తప్పూ లేకుండానే, గురి తప్పుతుంది. మనదే ఆ ఒక్కటి కాదని ఎవరూ చెప్పలేరు.

ఇది మాటల తేడా మాత్రమే అనుకోకండి. ఒకే సంవత్సరంలో మన శాఖలన్నీ కలిసి ఇరవై ప్రశ్నలపై సర్వేలు జరిపి, వాటిలో మనకు నచ్చిన ఒక్క ఫలితాన్నే బులెటిన్‌లో వేసి, మిగిలిన పంతొమ్మిదినీ బీరువాలో పెడితే, వేసినది గురి తప్పినదే అయి ఉండవచ్చును. పద్ధతి ఇచ్చే హామీ నచ్చినవీ నచ్చనివీ అన్నీ బయటపెట్టేవారికే వర్తిస్తుంది.

వలకు చిక్కని తప్పులు

మా జంక్షనులో మేము చేసిన అసలు తప్పు ఇంతవరకు చెప్పిన లెక్కలో ఎక్కడా లేదు. విశ్వాస్యతా అంతరం కొలిచేది చీట్ల అదృష్టాన్ని మాత్రమే. రాత్రి డ్యూటీవారిని అడగకపోవడం అదృష్టం కాదు, పక్షపాతం. మేము 400 మందికి బదులు 4,000 మందిని పగటిపూట అడిగి ఉంటే పరిధి ఇరుకై ఉండేది. తప్పు మాత్రం అట్లాగే ఉండేది. తప్పు అంకెను మరింత ధీమాగా చెప్పి ఉండేవాళ్ళము.

దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. తపాలా సోదరులు ప్రత్యేకంగా వినదగినది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో బ్యాలెట్ కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగివచ్చినవి. మన దగ్గరి దారి లెక్కతో చూస్తే అంత పెద్ద నమూనాలో ఊపు నూటికి 0.1 కూడా ఉండదు. పత్రిక లెక్కలో రూజ్‌వెల్టుకు సుమారు 43 శాతమే వచ్చినది. లాండన్ నెగ్గుతాడని ప్రకటించారు. ఎన్నికలో రూజ్‌వెల్టు సుమారు 61 శాతం ఓట్లతో ఘనవిజయం సాధించాడు. పత్రిక వాడుకున్న చిరునామాలు ఎక్కువగా టెలిఫోను ఉన్నవారివి, మోటారుకారు ఉన్నవారివి. ఆర్థికమాంద్యంలో నలిగిన పేదలు ఆ జాబితాలలో తక్కువ. వచ్చిన కార్డులను శ్రద్ధగా తిరిగి పంపినవారు కూడా అందరివంటి వారు కారు. అదే ఎన్నికలో గాలప్ సంస్థ ఎంతో చిన్న నమూనాతో నెగ్గేదెవరో సరిగా చెప్పగలిగింది.

కాబట్టి ఏ సర్వే చూసినా "ఎందరిని అడిగారు?" అనే ప్రశ్నతో ఆగకండి. "ఎవరిని అడగలేదు? అడిగినవారిలో ఎందరు జవాబివ్వలేదు?" అని కూడా అడగండి. గేటు దగ్గర ఒంటరిగా డ్యూటీ చేసే గేట్‌మన్, రాత్రంతా ఉత్తరాలు విడదీసే ఆర్.ఎమ్.ఎస్. సార్టరు, పల్లెలలోని గ్రామీణ డాక్ సేవకులు, రన్నింగ్ రూములో నిద్రపోతున్న గార్డు, పనివేళ తరువాత ఇంటిపనికి పరుగెత్తవలసిన మహిళా ఉద్యోగి: ఫారం తేలికగా చేరనిది వీరికే. సంఘం అవసరం ఎక్కువగా ఉన్నదీ వీరికే.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. చీట్లు తీసి అందరినీ చేరడం కష్టమని, ఇరవై ఆఫీసులు ఎంచుకొని ఒక్కొక్క ఆఫీసులో ఇరవై మందిని అడుగుతాము. మొత్తం 400 మందే. కాని ఒకే కప్పు క్రింద పనిచేసేవారి కష్టాలు ఒకటే, అభిప్రాయాలూ దగ్గరగా ఉంటాయి. ఇరవయ్యో మనిషి చెప్పేది పందొమ్మిదో మనిషి అప్పుడే చెప్పి ఉంటాడు. పోలిక కొద్దిపాటిదైనా, ఆ 400 మంది సుమారు 200 మందికే సమానం కావచ్చును. అప్పుడు పరిధి అటు 5, ఇటు 5 కాక, అటు 7, ఇటు 7 అవుతుంది. తక్కువ చోట్ల ఎక్కువమందిని అడగడం కంటె, ఎక్కువ చోట్ల కొద్దిమందిని అడగడం మేలు.

తరచుగా జరిగే మూడు పొరపాట్లు

మొదటిది, పెద్ద సర్వేలోనుండి చిన్న ముక్కను తీసి మాట్లాడడం. మన 400 మందిలో మహిళలు 40 మంది, వారిలో 24 మంది ఒక కోర్కెను బలపరిచారనుకోండి. నూటికి 60. కాని 40 మందికి పరిధి అటు 15, ఇటు 15. అంటే 45 నుండి 75 వరకు. "మహిళలలో 60 శాతం" అని శీర్షిక పెట్టడానికి ఇది చాలదు. వారి అభిప్రాయం నిజంగా కావాలంటే వారిలోనుండే మరింత పెద్ద నమూనాను ప్రత్యేకంగా తీయాలి.

రెండవది, రెండు సర్వేలను పోల్చడం. నిరుడు 400 మందిలో 50 శాతం, ఈ ఏడు వేరొక 400 మందిలో 54 శాతం. "మద్దతు నాలుగు శాతం పెరిగింది" అని మనం పండుగ చేసుకుంటాము. కాని రెండు సర్వేలూ ఊగుతాయి గనుక, తేడా మరింతగా ఊగుతుంది. ఈ తేడా చుట్టూ పరిధి అటు 7, ఇటు 7. పెరిగి ఉండవచ్చును, తరిగి కూడా ఉండవచ్చును.

మూడవది, సున్నాను నమ్మడం. 30 మందిని అడిగాము, వేధింపు ఉన్నదని ఒక్కరూ చెప్పలేదు. కనుక వేధింపు లేదని యాజమాన్యం అంటుంది. పైన చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేయదు. సున్నాతో హెచ్చిస్తే సున్నాయే వస్తుంది. దీనికి వేరే సులువు ఉన్నది. 3ను అడిగినవారి సంఖ్యతో భాగించండి. 3ను 30తో భాగిస్తే నూటికి 10. అంటే నూటికి పదిమంది దాకా బాధితులు ఉన్నా, 30 మందిని అడిగినప్పుడు ఒక్కరూ తగలకపోవడం జరగవచ్చును. ఇక భయంతో చెప్పనివారి సంగతి ఏ సూత్రానికీ అందదు.

భిలాయి కుటుంబాలు, మన కరువుభత్యం

ఇదంతా మన జీతంలోకి ఎట్లా వస్తుందో ఇప్పుడు చూడండి. ఏడవ వేతన సంఘం తరువాతి సూత్రం ప్రకారం మన కరువుభత్యం, పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిక 12 నెలల సగటును బట్టి నిర్ణయమవుతున్నది. 2001 ఆధార సంవత్సరపు లెక్కలో 261.42 దాటిన పెరుగుదలే మన భత్యానికి మూలం. ఆ సూచికను తయారుచేసే లేబర్ బ్యూరో ఎంచుకున్న కేంద్రాలలో భిలాయి ఒకటి. ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేలు, మోటారు రవాణా, విద్యుత్తు, రేవులు అనే ఏడు రంగాల కార్మిక కుటుంబాలను సర్వే చేసి, దేనిమీద ఎంత ఖర్చు పెడుతున్నారో తెలుసుకొని, దానినిబట్టి వస్తువులకు తూకం ఇస్తారు. తపాలా సోదరులు ఆ జాబితాలో లేరు; అయినా వారి భత్యం కూడా ఆ తూకం మీదనే నడుస్తున్నది.

2016 ఆధార సంవత్సరంతో 2020లో వెలువడిన సూచికకు 88 కేంద్రాలలో 48,384 కుటుంబాలను సర్వే చేశారు. కేంద్రానికి సగటున 550 కుటుంబాలు. ఇందులో ఒక పాఠమున్నది. "అద్దె ఇంట్లో ఉంటున్నవారు నూటికి ఎందరు?" వంటి ప్రశ్నకు దేశం మొత్తానికి జవాబు చెప్పాలంటే అంత పెద్ద నమూనాలో చీట్ల ఊపు అరశాతం చుట్టూ ఉంటుంది. ఒక్క కేంద్రానికే జవాబు చెప్పాలంటే 550 కుటుంబాలతో అటు నాలుగు, ఇటు నాలుగు దాటుతుంది. ఇంటింటినీ చీట్లు తీసి ఎంచుకుంటేనే ఈ లెక్క. ఎంపిక గుంపులుగా జరిగితే ఊపు ఇంకా పెరుగుతుంది. దేశానికి నమ్మదగిన అంకె ఊరికి వచ్చేసరికి అంత గట్టిగా ఉండదు.

ఆహారానికి ఇచ్చిన తూకం 1982 సూచికలో 57.00, 2001 సూచికలో 46.20, 2016 సూచికలో 39.17. ఇవి తలల లెక్క కాదు, ఖర్చులో వాటాలు. కనుక మన 54 గుణకారం 46 సూత్రం వీటికి నేరుగా వర్తించదు. అయినా దేశవ్యాప్తమైన అంత పెద్ద నమూనాలో ఏడేసి, పదేసి శాతాల తేడాను చీట్ల ఊపు అని కొట్టివేయలేము. తూకం తగ్గినది నిజమే. ఇక్కడ మనం వాదించవలసినది ఊపును గురించి కాదు. నమూనాలో ఎవరెవరు ఏ పాళ్ళలో చేరారన్నదాన్ని గురించి. సెక్టారులో కంపెనీ క్వార్టరు ఉన్న పర్మనెంటు కార్మికుని ఖర్చు తీరు ఒకటి, ఖుర్సీపారులో అద్దెకుండే కాంట్రాక్టు కార్మికుని ఖర్చు తీరు ఇంకొకటి. బియ్యం, పప్పు ధరలు మండినప్పుడు ఎవరి చెయ్యి ఎక్కువ కాలుతుందో మీకు చెప్పనక్కరలేదు. ప్రశ్న ఎక్కడ వేయాలో తెలిసినవాడి వాదమే నిలుస్తుంది.

పూర్తి లెక్కకు పరిధి లేదు

మొదట చెప్పిన అల్ట్రాసోనిక్ పరీక్షను ఇప్పుడు గుర్తు చేసుకోండి. రైల్వేలలో సంఘాల గుర్తింపుకు 2007, 2013, 2024 సంవత్సరాలలో రహస్య బ్యాలెట్ జరిగింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంఘాల గుర్తింపుకు 1993 నియమాలలో, ఉద్యోగుల జీతంనుండి చందా మినహాయింపును లెక్కించి, 35 శాతం, రెండవ సంఘానికి 15 శాతం అనే హద్దులు పెట్టారు. ఇవి నమూనాలు కావు, ఒక్కొక్క ఓటునూ, ఒక్కొక్క సభ్యునినీ లెక్కపెట్టినవి. వీటికి విశ్వాస్యతా అంతరం లేదు. 34.9 వచ్చినవారు "పరిధిని కలిపితే మాకు 35 దాటుతుంది" అని వాదించలేరు. అట్లాగే, సమ్మెకు పోవాలా వద్దా అన్నంత పెద్ద నిర్ణయాన్ని నమూనా సర్వే మీద తీసుకొనకూడదు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఓటు ఉండాలి. సర్వే దారి చూపుతుంది. అనుమతి ఇచ్చేది ఓటు.

మనవారి శాస్త్రం

ఈ శాస్త్రం పరాయిదని అనుకొనవద్దు. 1931లో కలకత్తాలో మహలనోబిస్ గారు స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే, ప్రపంచ దేశాలకు దారి చూపినవి. ఆ సంస్థలో 1941లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మన తెలుగువారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివినవారు. చేతిలోని సమాచారంనుండి ఎంతటి నిపుణుడైనా పిండుకోగల ఖచ్చితత్వానికి ఒక హద్దు ఉన్నదని 1945లో ఆయన నిరూపించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళే. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తన జ్ఞానానికి హద్దు ఎక్కడున్నదో కొలిచి చెప్పగలగడం బలహీనత కాదని ఆ మహనీయుని కృషి మనకు బోధిస్తున్నది.

చేయవలసిన పని

2025లో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పాటైనది. మన కోర్కెలకు ఆధారాలు కావాలి. శాఖలు సర్వేలు జరుపుతాయి. అందుచేత శాఖా కార్యదర్శులకు నా విన్నపాలు ఇవి. ఫారాలు పంచేముందు మస్టరు తెచ్చుకొని, చీట్లు తీయండి. ఎంచుకున్న వ్యక్తి దొరకకపోతే ప్రక్కవానితో పూర్తిచేయక, మళ్ళీ వెళ్ళండి. రాత్రి డ్యూటీ అయితే రాత్రే వెళ్ళండి. శాతం వ్రాసిన ప్రతిచోటా ఎందరిని అడిగారో, ఎందరు జవాబిచ్చారో, పరిధి ఎంతో ప్రక్కనే వ్రాయండి. యాభై ఆ పరిధిలో ఉంటే "అత్యధికులు" అనే మాట వాడకండి. మనకు నచ్చని ఫలితాన్ని కూడా అచ్చువేయండి.

ఇట్లా చేస్తే కోర్కె బలహీనపడుతుందని కొందరు మిత్రులు భయపడుతున్నారు. నా అనుభవం ఇందుకు విరుద్ధం. పరిధిని మనమే ముందుగా చెబితే ఎదుటివారు పట్టుకొనడానికి ఏమీ మిగలదు. అప్పుడు "మీ సర్వే పరిధి ఎంత? ఎవరిని అడిగారు?" అని వారిని నిలదీసే హక్కు మనకు వస్తుంది. 49 నుండి 59 అని నిజం చెప్పిన సంఘం, మరొకనాడు 62 నుండి 68 అని చెప్పినప్పుడు ఆ మాటను ఎవరూ త్రోసివేయలేరు.

ఆ వృద్ధ పాయింట్స్‌మన్ ఈనాడు లేరు. మీ మస్టరులో ఆయన వంటి పేర్లు ఉన్నవి. వారి పేరు మీద మాట్లాడేముందు వారిని అడిగి రండి.